సర్వరు పలకలేదంటే అర్థమేమిటి?

టార్చిలైటు మీట నొక్కారు. వెలగలేదు. వెంటనే దాన్ని పారేసి కొత్తది కొంటారా? కొనరు కదా! బ్యాటరీలు తిరగేసి పెట్టామేమో చూస్తారు. బల్బు విప్పి, లోపలి తీగె తెగిందేమో వెలుతురుకు ఎత్తి చూస్తారు. స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే గీకి చూస్తారు. విద్యుత్తు ఒక దారి వెంట ప్రవహిస్తుందనీ, ఆ దారిలో ఎక్కడో ఒకచోట తెగిందనీ తెలుసు కనుకనే ఇలా చేస్తారు.

కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ ఇంగితం చాలామందిలో మాయమవుతుంది. తెర మీద ఎర్ర అక్షరాలు కనబడగానే కంగారు పుడుతుంది. ‘అన్నీ తీసేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కిద్దాం’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆ సలహా వల్ల ఎంత నష్టం జరగగలదో ఒక ఉదాహరణతో చూద్దాం.

మీ బడి గ్రంథాలయంలోని పుస్తకాలకు 9వ తరగతి పిల్లలు కంప్యూటరులో పట్టిక తయారుచేశారనుకుందాం. దసరా సెలవుల్లో వంతులు వేసుకుని కూర్చుని 1,400 పుస్తకాల పేర్లు, రచయితలు, బీరువా నంబర్లు ఎక్కించారు. పుస్తకం పేరు కొడితే అది ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెప్పే ఒక పేజీని పీహెచ్‌పీ భాషలో రాశారు. సమాచారమంతా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఉంది. రెండూ ఒకే కంప్యూటరులో ఉన్నాయి. నిన్న సాయంత్రం వరకు చక్కగా పనిచేసింది. ఇవాళ సైన్సు ప్రదర్శన. ఉదయం కంప్యూటరు వేసి పేజీ తెరిస్తే, డేటాబేసుతో సంబంధం కుదరలేదని సందేశం వచ్చింది!

అన్నీ తీసేస్తే, సెలవుల్లో ఎక్కించిన 1,400 పేర్లూ వాటితోపాటే పోవచ్చు. కాబట్టి దేన్నీ ముట్టుకోకముందు దారి ఎటు పోతుందో తెలుసుకుందాం.

ఒకే ఇంట్లో ఇద్దరు

మీరు బ్రౌజరులో పేజీ అడగగానే, ఆ కోరిక మొదట వెబ్ సర్వరుకు చేరుతుంది. మన ఉదాహరణలో దాని పేరు అపాచీ. అపాచీ ఆ స్క్రిప్టును పీహెచ్‌పీ చేత నడిపిస్తుంది. పుస్తకాల పేర్లు స్క్రిప్టు దగ్గర లేవు. అవి డేటాబేస్ సర్వరు దగ్గర ఉన్నాయి. ఇది అపాచీతో ఏ సంబంధమూ లేని వేరే ప్రోగ్రాము. అపాచీ నడుస్తున్నంత మాత్రాన ఇది కూడా నడుస్తుందన్న హామీ లేదు. రెండూ ఒకే పెట్టెలో ఉన్నా, వంద మైళ్ళ దూరంలో ఉన్న రెండు కంప్యూటర్లు మాట్లాడుకున్నంత పద్ధతిగా, చిరునామా చెప్పి, తలుపు తట్టి, పేరు చెప్పుకుని మాట్లాడుకుంటాయి.

మాటల్లో మాట. ఈ రెండూ ఒక ఈడువే. రాస్మస్ లెర్‌డార్ఫ్ పీహెచ్‌పీని లోకానికి విడుదల చేసింది 1995లో. స్వీడన్ దేశపు కంపెనీ ఒకటి మైఎస్‌క్యూఎల్‌ను మొదట బయటపెట్టిందీ 1995లోనే. అందులోని ‘మై’కి ఇంగ్లీషులో ‘నా’ అని అర్థం చెప్పుకోకండి. దాన్ని తయారుచేసినవారిలో ఒకరైన మైకెల్ విడీనియస్ కూతురి పేరది. ఆయనే 2009లో దీని నుంచి మరో శాఖ చీల్చి, రెండో కూతురి పేరిట మరియాడీబీ అన్నారు. జాంప్ అనే ఉచిత ప్యాకేజీ వాడేవారు చూడండి, మీట పక్కన మైఎస్‌క్యూఎల్ అనే రాసి ఉంటుంది గాని, ఇప్పటి కూర్పుల లోపల ఉన్నది మరియాడీబీ. దోష సందేశాలు, నంబర్లు చాలావరకు రెండింటికీ ఒకటే.

రైల్వే రిజర్వేషను కార్యాలయాన్ని ఊహించుకోండి. భవనం ఒకటే, కిటికీలు అనేకం. ఒక్కొక్క కిటికీకి ఒక నంబరు. కంప్యూటరుకు కూడా ఇలాంటి కిటికీలున్నాయి. వీటిని పోర్టులు అంటారు. పోర్టు నంబరు రాయడానికి 16 బిట్లు కేటాయించారు కనుక అత్యధిక సంఖ్య 65,535. వెబ్ సర్వరు సాధారణంగా 80వ కిటికీలో కూర్చుంటుంది. మైఎస్‌క్యూఎల్ కిటికీ 3306.

భవనం చిరునామా 127.0.0.1. దీనికే లోకల్‌హోస్ట్ అని పేరు. ‘నేనున్న కంప్యూటరే’ అని దీని భావం. 127తో మొదలయ్యే చిరునామాలన్నీ, అంటే 1,67,77,216 చిరునామాలు, ఈ ఒక్క పనికోసమే కేటాయించారు! ఒక చిన్న ప్రయోగం చేయండి. కంప్యూటరుకున్న నెట్‌వర్కు తీగె పీకేయండి, వైఫై ఆపేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, 127.0.0.1 అని కొట్టండి. జవాబు వస్తుంది. ఈ ఉత్తరం ఇల్లు దాటి బయటకు పోదు మరి! కాబట్టి మన గ్రంథాలయం పేజీ పనిచేయకపోతే ‘ఇంటర్నెట్ లేదేమో’ అని రౌటరు దగ్గరకు పరుగెత్తడం దండగ.

ఇక్కడ చాలామంది పిల్లలు పొరబడే విషయం ఒకటుంది. గదిలోని మరో కంప్యూటరులో కూర్చుని ఇదే పేజీ తెరిచారనుకోండి. అప్పుడు స్క్రిప్టులో రాసిన లోకల్‌హోస్ట్ ఏ కంప్యూటరు? మీరు కూర్చున్నదా? కాదు. స్క్రిప్టు నడుస్తున్న కంప్యూటరు. బ్రౌజరు ఎక్కడున్నా సరే, డేటాబేసు తలుపు తట్టేది స్క్రిప్టు గనుక ‘నేనున్న చోటు’ అన్నప్పుడు ఆ ‘నేను’ స్క్రిప్టే. అందుకే ఒక కంప్యూటరులో పనిచేసిన స్క్రిప్టు ఫైలును పెన్‌డ్రైవులో మరో కంప్యూటరుకు తీసుకుపోయి నడిపితే, అది ఆ కొత్త కంప్యూటరు 3306వ కిటికీనే తడుతుంది. అక్కడ పుస్తకాల పట్టిక ఉండదు.

కసురుకున్నా జవాబే

ఇప్పుడు తెర మీద వచ్చిన సందేశాన్ని చదువుదాం. చదవాలి! చాలామంది ‘ఏదో ఎర్రరు వచ్చిందండీ’ అంటారే గాని ఏమి వచ్చిందో చెప్పరు. జ్వరమని వచ్చిన రోగి ఎన్ని డిగ్రీలో చెప్పనట్టే ఇదీ. సందేశంలో ఒక నంబరు, కొన్ని మాటలు ఉంటాయి. రెండూ కాగితం మీద రాసుకోండి.

సందేశమే లేకుండా తెల్ల పేజీ వస్తే? సందేశం పుట్టింది గాని, తెర మీద చూపవద్దని పీహెచ్‌పీకి ఎవరో ఆజ్ఞ ఇచ్చి ఉంటారు. అపాచీ తన చిట్టాను, అంటే లాగ్ ఫైలును, ఒకటి రాసుకుంటూ ఉంటుంది. సందేశం సాధారణంగా అందులో దొరుకుతుంది. నలుగురూ చూసే వెబ్‌సైటులో ఇలా దాచడమే మంచిది. డేటాబేసు వాడుకరి పేరు, ఫైళ్ళ దారి వంటివి సందేశంలో బయటపడతాయి. ప్రయోగశాలలో నేర్చుకునేటప్పుడు మాత్రం చూపించమనండి.

పీహెచ్‌పీలో తరచుగా కనబడే నంబరు 2002. దాని పక్కన ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని ఉంటుంది. విండోసులో అయితే, అవతలి యంత్రం గట్టిగా నిరాకరించిందనే అర్థంతో పొడుగాటి వాక్యం వస్తుంది. ‘నిరాకరించింది’ అంటే మైఎస్‌క్యూఎల్ మనల్ని వద్దన్నదని అనుకుంటారు. నిజానికి అక్కడ మైఎస్‌క్యూఎల్ లేనేలేదు! టీసీపీ పద్ధతిలో సంబంధం మూడు అంగల్లో కుదురుతుంది: ‘మాట్లాడవచ్చా’ అని ఇటునుంచి, ‘సరే, మరి నీవు సిద్ధమేనా’ అని అటునుంచి, ‘సిద్ధం’ అని మళ్ళీ ఇటునుంచి. ఆ కిటికీలో ఎవరూ కూర్చోకపోతే, కంప్యూటరు నిర్వాహక వ్యవస్థే, ‘ఇక్కడ ఎవరూ లేరు, పో’ అని మొదటి అంగలోనే తిప్పి పంపుతుంది. అదే రిఫ్యూజ్డ్. కిటికీ మూసి ఉందన్నమాట. చిరునామా సరైనదే, భవనం ఉంది, గుమాస్తా రాలేదు. దీనికీ, ఎంతసేపు తట్టినా ఏ జవాబూ రాకుండా గడువు దాటిపోవడానికీ తేడా గమనించండి. రెండోదానికి సాధారణంగా మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుపడటమో, చిరునామా తప్పుకావడమో కారణం. ఒకే కంప్యూటరులో ఉన్నప్పుడు అది అరుదు.

కాబట్టి రిఫ్యూజ్డ్ అని వస్తే పాస్‌వర్డు మార్చకండి, స్క్రిప్టు దిద్దకండి. పాస్‌వర్డు అడిగేంత వరకు సంగతి పోనేలేదు. డేటాబేస్ సర్వరు నడుస్తున్నదా అన్నదొక్కటే చూడండి. జాంప్ వాడితే దాని పలకలో మైఎస్‌క్యూఎల్ పక్కనున్న స్టార్ట్ మీట నొక్కండి. పదింట తొమ్మిదిసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. నిన్న సాయంత్రం కంప్యూటరు ఆపినప్పుడు ఆగిపోయింది, ఇవాళ ఎవరూ నడపలేదు, అంతే.

గుమాస్తా వచ్చి వెంటనే వెళ్ళిపోతే

మీట నొక్కగానే మొదలై, క్షణంలో ఆగిపోతే? ఇది చిక్కు ప్రశ్న. నష్టం జరిగేది కూడా ఇక్కడే.

ఒక కారణం, ఆ కిటికీలో మరొకరు ముందే కూర్చుని ఉండటం. ఎప్పుడో ఎవరో ఇదే కంప్యూటరులో మైఎస్‌క్యూఎల్‌ను విడిగా ఎక్కించి ఉంటారు. కంప్యూటరు వేయగానే అది తనంతట తాను లేచి 3306ను ఆక్రమిస్తుంది. ఒక కిటికీలో ఇద్దరు కూర్చోలేరు. తెలుసుకోవడం ఎలా? కమాండ్ ప్రాంప్టులో నెట్‌స్టాట్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఒక అడ్డగీత, దాని వెనకే ఏ, ఎన్, ఓ అనే ఇంగ్లీషు చిన్న అక్షరాలు కలిపి కొట్టండి. ఏ పోర్టులో ఎవరున్నారో వరుసగా వస్తుంది. 3306 ఉన్న వరస చివర ఒక సంఖ్య ఉంటుంది. టాస్క్ మేనేజరులో ఆ సంఖ్య గల ప్రోగ్రాము ఏదో చూడండి. దాన్ని ఆపవచ్చు, లేదా మన సర్వరుకు 3307వ కిటికీ ఇవ్వవచ్చు. అలా మారిస్తే ఆ సంగతి స్క్రిప్టుకు కూడా చెప్పాలి సుమా! ఒక కొస మార్చి రెండో కొస మరచిపోతే, ఆ స్క్రిప్టు పోయి పాత కిటికీనే తడుతుంది.

మరో కారణం మనకు బాగా పరిచయమైనదే, హఠాత్తుగా కరెంటు పోవడం. రాస్తూ రాస్తూ ఉండగా కంప్యూటరు ఆగిపోతే సమాచారం సగంలో నిలిచిపోతుంది. దీనికి విరుగుడుగా డేటాబేసులోని ఇన్నోడీబీ అనే భాగం, ఏ మార్పు చేయబోతున్నదో ముందు ఒక చిట్టాలో రాసుకుని, ఆ తర్వాతే అసలు పట్టికలో ఎక్కిస్తుంది. మళ్ళీ లేచినప్పుడు ఆ చిట్టా చూసుకుని సగంలో ఆగిన పనులను పూర్తిచేస్తుంది, లేదా రద్దుచేస్తుంది. ఇందుకు కొంత వ్యవధి పట్టవచ్చు. ‘ఎంతకీ లేవడం లేదు’ అని మధ్యలో మళ్ళీ మళ్ళీ ఆపడం మంచిది కాదు. డిస్కు నిండిపోయినా సర్వరు లేవకపోవచ్చు. ఏది కారణమో ఊహించనక్కరలేదు. జాంప్‌లోని మైఎస్‌క్యూఎల్ ఫోల్డరులో డేటా అనే ఫోల్డరు ఉంది. దానిలో మైఎస్‌క్యూఎల్ ఎర్రరు లాగ్ ఫైలు ఉంటుంది. తెరిచి చివరి ఇరవై, ముప్పై వరసలు చదవండి. తాను ఎందుకు ఆగిపోయిందో సర్వరే అందులో రాసిపెడుతుంది.

ఈ దశలోనే ఒక ప్రమాదకరమైన చిట్కా చేతులు మారుతూ ఉంటుంది: ‘డేటా ఫోల్డరులో ఐబీడేటా1 అని ఒక ఫైలుంది, తీసెయ్యండి, సర్వరు లేస్తుంది’ అని. నిజమే, చాలాసార్లు లేస్తుంది! పట్టికల పేర్లు కూడా తెర మీద కనబడతాయి. తెరవబోతే మాత్రం, అలాంటి పట్టిక లేదని 1932 నంబరు సందేశం వస్తుంది. బీరువాల మీద చీటీలు మిగిలాయి, లోపల పుస్తకాలు పోయాయి. ఇన్నోడీబీ పట్టికలన్నిటి లెక్క ఉండే మూల ఫైలు అది. నాకు తెలిసిన ఒక బడిలో పిల్లలు రెండు నెలలు కష్టపడి ఎక్కించిన పట్టిక సరిగ్గా ఇలాగే పోయింది. చిట్కా చెప్పిన పెద్దమనిషి సర్వరు లేచిందని సంతోషంగా వెళ్ళిపోయాడు. కాబట్టి, సర్వరు ఆగి ఉన్నప్పుడు ముందుగా డేటా ఫోల్డరు మొత్తాన్ని మరోచోటికి నకలు చేయండి. ఆ తర్వాతే దేన్నయినా ముట్టుకోండి. సర్వరు బాగా నడుస్తున్న రోజుల్లో పీహెచ్‌పీ‌మైఅడ్మిన్‌లోని ఎక్స్‌పోర్ట్ మీటతో వారానికొకసారి నకలు తీసి పెన్‌డ్రైవులో పెట్టుకున్నవారికి ఈ భయమే ఉండదు.

కిటికీ తెరిచి ఉంది, లోపలికి రానివ్వలేదు

1045, ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తే నిరుత్సాహపడకండి. ఇది సగం శుభవార్త! సర్వరు బతికి ఉంది, కిటికీ సరైనదే, గుమాస్తా మన చీటీ చదివి మరీ తిరస్కరించాడు. వాడుకరి పేరో, పాస్‌వర్డో తప్పు. సందేశం చివర ‘యూజింగ్ పాస్‌వర్డ్’ అని, దాని పక్కన ఎస్ అనో, నో అనో ఉంటుంది. ఈ చిన్న మాటను చాలామంది గమనించరు. ఎస్ అంటే పాస్‌వర్డు పంపాం గాని కుదరలేదు. నో అంటే అసలు పాస్‌వర్డే పంపలేదు! స్క్రిప్టులో పాస్‌వర్డు రాశామే అంటారా? ఒకచోట చలరాశి పేరు ఒక రకంగా, మరోచోట ఒక అక్షరం తేడాతో రాశారేమో చూడండి. తప్పు పేరు గల చలరాశి ఖాళీది. ఆ ఖాళీయే సర్వరుకు చేరింది.

జాంప్ మామూలుగా రూట్ అనే సర్వాధికారికి పాస్‌వర్డు లేకుండానే వస్తుంది. నేర్చుకోవడానికి సులువు గాని, నాకది నచ్చదు. గ్రంథాలయం పట్టికను చదవడానికి, రాయడానికి మాత్రమే హక్కులున్న వేరే వాడుకరిని సృష్టించుకుని, స్క్రిప్టులో ఆ పేరు వాడండి.

1049 అంటే ఆ పేరుగల డేటాబేసు లేదని. అక్షరదోషం చూడండి. లినక్సులో అయితే పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరువేరు.

లినక్సులో మరో విచిత్రం ఉంది. అక్కడ స్క్రిప్టులో 127.0.0.1 అని రాస్తే 3306వ కిటికీకి పోతుంది గాని, లోకల్‌హోస్ట్ అని రాస్తే కిటికీకి పోదు! ఒకే భవనంలోని వాళ్ళకు వీధి వైపు కిటికీ ఎందుకని, సాకెట్ ఫైలు అనే లోపలి తలుపు ద్వారా పోతుంది. ఆ తలుపు ఒక ఫోల్డరులో ఫైలు రూపంలో కనబడుతుంది. సర్వరు ఆ ఫైలును ఒకచోట పెట్టి, పీహెచ్‌పీ మరోచోట వెతికితే, అదే 2002 నంబరు వస్తుంది. పక్కన మాటలు మాత్రం మారతాయి: ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. సర్వరు ఆగిపోయినా ఆ ఫైలు ఉండదు కనుక ఇదే సందేశం రావచ్చు. నంబరొక్కటే చూసి ఊరుకుంటే చాలదని ఇందుకే చెప్పాను.

ఇంటి గుమ్మమే దాటని సందర్భం కూడా ఉంది. మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఆజ్ఞ తనకు తెలియదని పీహెచ్‌పీ అంటే, మీరు పాత పుస్తకం చూసి రాశారని అర్థం. 2015 డిసెంబరులో వచ్చిన 7వ కూర్పులోనే ఆ పాత ఆజ్ఞలను తొలగించారు. ఇప్పుడు వాడవలసినవి మైఎస్‌క్యూఎల్‌ఐ గాని, పీడీఓ గాని. కొత్త ఆజ్ఞ రాసినా తెలియదంటే, ఆ విభాగాన్ని పీహెచ్‌పీకి జతచేయలేదన్నమాట.

చేసి చూడండి

గ్రంథాలయం పట్టికతో కాదు, ఒక ఉత్తుత్తి డేటాబేసు తయారుచేసి దానితో ఈ ప్రయోగాలు చేయండి. పనిచేస్తున్న స్క్రిప్టును తీసుకుని, ఒకసారికి ఒక్కటే పాడుచేయండి. మొదట సర్వరు ఆపండి. సందేశం నోటుపుస్తకంలో రాసుకుని, సర్వరు మళ్ళీ నడిపి, పేజీ బాగా వచ్చిందని చూసుకున్నాకే రెండోదానికి పోండి. తర్వాత పోర్టు నంబరు 3399 అని మార్చండి. తర్వాత పాస్‌వర్డులో ఒక అక్షరం, తర్వాత డేటాబేసు పేరులో ఒక అక్షరం. రెండు కలిపి పాడుచేస్తే ఏ సందేశం ముందు వస్తుందో, రెండోది ఎందుకు దాగిపోయిందో కూడా చూడండి. మొదటి రెండు సందేశాలూ ఒకేలా ఉన్నాయా? ఎందుకు?

చివరగా ఒక ప్రశ్న. లినక్సు కంప్యూటరు ఒకదానిలో 127.0.0.1 అని రాస్తే పేజీ చక్కగా వస్తున్నది, లోకల్‌హోస్ట్ అని రాస్తే 2002 వస్తున్నది. సర్వరు నడుస్తున్నదా, లేదా? లోపం ఎక్కడ వెతుకుతారు?